ఉప్పు ముట్టని రోజు

తొమ్మిదో భాగం

"ఇంట్లో ఉన్నవాళ్ళు," అని గట్టిగా చదవడం మొదలుపెట్టాడు బాలకృష్ణ. "ఒకటి, తాత జంపయ్య. రెండు, అమ్మ రామక్క. మూడు, అన్న బాలకృష్ణ. నాలుగు, వదిన సలోమి. అయిదు, మేనత్త పున్నమ్మ, నిన్ననే చుట్టపుచూపుగా వచ్చింది. ఆరు, నేను."

"ఏందిరా, రేషను కార్డు చదువుతున్నవా?" అన్నాడు ముసలయ్య.

వాకిట్లో మంచాల మీద కూర్చున్న పెద్దమనుషులు నవ్వారు. మంచు ఇంకా విడవలేదు. రోడ్డుకు అవతల చర్చి మీద కట్టిన కాగితపు నక్షత్రంలో లైటు తెల్లారినా వెలుగుతూనే ఉంది. నిన్న క్రిస్మస్. ఇవాళ పంచాయితీ.

బొజ్జయ్య పటేలుకు చదువు రాదు. ముసలయ్యకు చూపు ఆనదు. అందుకని చదివే పని బాలకృష్ణ మీద పడింది. అతను చదువుతున్నది చెల్లెలు పుష్పలత డైరీ.

పుష్పలత గడప లోపల, తలుపు చాటున నిలబడి ఉంది. పదహారేళ్ళ పిల్ల. నలుగురిలో నోరు తెరవాలంటే గొంతు పూడుకుపోతుంది. ఆశ్రమ పాఠశాలలో హాజరు పిలిచినప్పుడు కూడా చెయ్యి ఎత్తేది గాని పలికేది కాదు. నోటితో చెప్పలేనివన్నీ ఆ నోటుబుక్కులో రాసుకుని, దాన్ని బియ్యం డ్రమ్ము వెనక దాచుకునేది. ఇప్పుడు ఆ నోటుబుక్కే నలుగురిలో నోరు తెరిచింది.

దాన్ని బయటికి తీసింది పున్నమ్మ. బియ్యం తీస్తుంటే చేతికి తగిలిందంది. వచ్చి రెండు పొద్దులు కాని మనిషికి బియ్యం తీసే పని ఎవరు చెప్పారో ఎవరూ అడగలేదు.

ఆ పేర్లు పంచాయితీ కోసం రాసినవి కావు. బడి లైబ్రరీ బీరువాలో అట్ట ఊడిపోయిన అపరాధ పరిశోధన కథల పుస్తకం ఒకటుండేది. ఆ కథల్లో క్రిస్మస్ నాడు ఏదో ఒక బంగళాలో ఏదో ఒకటి పోతుంది. బయట మంచు కురుస్తుంటుంది కాబట్టి ఒకరు వచ్చేది లేదు, ఒకరు పోయేది లేదు. దొంగ ఇంట్లోనే ఉంటాడు. డిటెక్టివ్ ముందుగా ఇంట్లో ఎవరెవరు ఉన్నారో రాసుకుంటాడు. చివర్న అందరినీ హాల్లో కూర్చోబెట్టి దొంగ పేరు చెప్తాడు. అందరూ వింటారు.

పుష్పలతకు అన్నిటికంటే నచ్చింది అదే. అందరూ వింటారు.

నిన్న పొద్దున, ఇంట్లో ఏమీ పోకముందే, సరదాకి తను కూడా అలా రాసి చూసింది. ఎవరు ఏ గంటకు ఏం చేశారో వరసగా రాసుకుంటూ పోయింది. సాయంత్రానికి నిజంగానే పోయింది.

పోయింది పడిగె.

వాళ్ళ వంశం వేల్పు జెండా అది. ఎర్రటి నేత గుడ్డ మీద వంశం కథంతా రంగు గుడ్డలతో కుట్టి ఉంటుంది. జంపయ్య తాత తాతల నాటిది. అటక మీద వెదురు బుట్టలో ఉంటుంది. ప్రతి గురువారం పొద్దుగూకే వేళ జంపయ్య స్నానం చేసి బుట్ట దించి సాంబ్రాణి పొగ వేస్తాడు. నిన్న దించబోతే బుట్ట చేతిలో ఈకలాగా తేలింది. మూత తీస్తే అడుగున వెదురు బద్దలు కనిపించాయి.

రాత్రి పొయ్యిలో బూడిద తోడుతుంటే రామక్క చేతికి వేలెడంత ఎర్ర పీలిక దొరికింది. ఇప్పుడది మోదుగాకులో, బొజ్జయ్య పటేలు ముందు ఉంది.

"అసలు సంగతికి రా," అన్నాడు పటేలు.

బాలకృష్ణ పేజీ మీద వేలు పెట్టి చదివాడు. "పది గంటలు. తాత మిర్చి చేనుకు వెళ్ళాడు. అమ్మ, అత్త పత్తి ఏరడానికి వెళ్ళారు. అన్న పడుకొని ఉన్నాడు. వదిన పొయ్యి ముందు కూర్చొని ఎర్ర గుడ్డ కాల్చింది. నన్ను చూసి ఉలిక్కిపడింది. ఎవరికీ చెప్పొద్దు అంది."

నోటుబుక్కు మూసేశాడు.

వాకిలంతా ఒక్కసారిగా గొంతులు లేచాయి.

"ఇన్నవా పటేలా, ఇన్నవా?" రామక్క గుండెలు బాదుకుంది. "దేవున్ని పొయ్యిల పెట్టింది! ఆ పొయ్యి మీదనే కూరొండి మాకు పెట్టింది!"

"నేను ముందే చెప్పిన కదా వదినె," అంది పున్నమ్మ, మంచంకోడును ఆనుకొని. "చర్చి పిల్లను తెచ్చుకుంటే చర్చి దేవుడే ఇంట్ల కూసుంటడని. మన దేవునికి జాగ యాడిది? ఇగ పొయ్యే మిగిలింది."

సలోమి వాకిలి చివర, నీళ్ళ తొట్టి దగ్గర నిలబడి ఉంది. నిన్న చర్చికి కట్టిన తెల్లచీర ఇంకా ఒంటి మీదే ఉంది. మార్చుకోనివ్వలేదు. వాళ్ళదీ కోయ గూడెమే, కాకపోతే చర్చి కట్టిన గూడెం. మూడేళ్ళ కింద బాలకృష్ణ వెంటబడి చేసుకున్నాడు. ఇప్పుడు అతను భార్య వైపు చూడకుండా గోరుతో నోటుబుక్కు అంచు గీకుతున్నాడు.

"చెప్పు బిడ్డా," అన్నాడు పటేలు. "ఏం గుడ్డ అది?"

"జాకెట్టు గుడ్డ. ఇస్త్రీపెట్టె అంటుకొని కాలింది. పనికిరాదని పొయ్యిలేసిన."

"ఎవరి జాకెట్టు?"

సలోమి కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"నీదా?"

"కాదు."

"మరెవరిదే? మీ ఏసు ప్రభువుదా?" అంది పున్నమ్మ. మళ్ళీ నవ్వులు.

సలోమి ఒక్కసారి తల ఎత్తి తలుపు వైపు చూసింది. తలుపు చాటున పుష్పలత ఉంది. ఆ చూపు అక్కడ ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నేల మీదికి దిగింది.

"చెప్పను," అంది.

"చూసిండ్రా పొగరు!" అంది రామక్క.

పటేలు గొంతు సవరించుకున్నాడు. "రాసిన పిల్లను పిలువుండ్రి. పుష్పా, ఇటు రా బిడ్డా. నువ్వు రాసిందేనా ఇది?"

అందరూ తిరిగి చూశారు. ముప్ఫై జతల కళ్ళు. పుష్పలత గడప దాటింది.

"రాసిందేనా?"

తల ఊపింది.

"నిజంగ చూసినవా? గుడ్డ కాల్చంగ?"

చూసింది. అది అబద్ధం కాదు. కాని ఆ పేజీ అక్కడితో అయిపోలేదు. కింద ఇంకొన్ని లైన్లున్నాయి. అన్న అక్కడ ఎందుకు ఆపాడు? ఆ లైన్లన్నీ ఆమెకు కంఠతా వచ్చు. అవి ఒకదాని వెనక ఒకటి కళ్ళ ముందు కదిలాయి. కదులుతుండగానే వాటి అర్థం మారిపోయింది.

"ఇంకో..." అనబోయింది.

"గట్టిగ చెప్పవే!" రామక్క ఆమె జబ్బ పట్టుకుని ఊపింది. "చూసినవా, లేదా?"



"అవ్," అంది పుష్పలత.

పొద్దుటి నుంచి ఆమె నోట వచ్చిన మాట అదొక్కటే. అదే చాలింది.

పెద్దమనుషులు పక్కకు పోయి రెండు చుట్టలు కాలేంతసేపు మాట్లాడుకున్నారు. తిరిగి వచ్చి బొజ్జయ్య పటేలు తీర్పు చెప్పాడు. సలోమికీ ఈ ఇంటికీ ఇవాళ్టితో తెగిపోయింది. పొద్దు నెత్తి మీదికి రాకముందే ఇల్లు వదలాలి. ఆమె పుట్టింటివాళ్ళు తప్పు కింద వేల్పుకు మేకపోతును తెచ్చి కట్టాలి. ఇక మీదట ఆమె రోడ్డు దాటి గూడెంలోకి అడుగు పెట్టకూడదు. పెడితే, ఆమెకు అన్నం పెట్టిన ఇల్లు కూడా వెలి.

"నీకేమన్నా చెప్పేది ఉన్నదారా?" అని బాలకృష్ణను అడిగాడు పటేలు.

"పెద్దలు చెప్పినంక నాదేముంటది," అన్నాడు బాలకృష్ణ.

సలోమి అతని వైపు చూసింది. కోపం కూడా లేదు ఆ చూపులో. ఇంట్లోకి పోయి ట్రంకు పెట్టె తెచ్చుకుంటానంటే రామక్క అడ్డం నిలబడింది. పెట్టెను తనే ఈడ్చుకొచ్చి వాకిట్లో పడేసింది. మూత ఊడి బట్టలు మట్టిలో పడ్డాయి. సలోమి కూర్చొని ఒక్కొక్కటే దులిపి మడత పెట్టుకుంది. మూడేళ్ళు ఆ ఇంటికి నీళ్ళు మోసిన మనిషి పెట్టె మోసుకొని రోడ్డు దాటుతుంటే ఒక్కరూ చెయ్యి వెయ్యలేదు.

పున్నమ్మ వాకిట్లో పడిన దువ్వెన ఒకటి తీసి, చీర కొంగుకు తుడిచి, తన కొప్పులో పెట్టుకుంది.

"వదినె, ఇంత చాయ పెట్టరాదూ," అంది రామక్కతో. "మా పిల్లకు ఫోన్ చెయ్యాలె. పాపం, బావ ఎట్లున్నడో అని పొద్దుటి సంది ఒకటే అడుగుతుంది."

---

గుంపు విడిపోయింది. మోదుగాకు, దానిలో పీలిక, చెప్పుల కింద నలుగుతూ వాకిట్లోనే పడి ఉన్నాయి. వాటితో పని అయిపోయింది కదా.

పుష్పలత పీలికను పిడికిట్లో పెట్టుకొని దొడ్లోకి పోయింది. చూపుడువేలుతో తడిమింది. గట్టిగా ఉంది. కాలిన అంచు ప్లాస్టిక్ కరిగి గడ్డకట్టినట్టు నల్లటి పూసలాగా ఉంది.

తాత తువ్వాలు తీగ మీద ఆరుతోంది. నేత తువ్వాలు. అంచు నుంచి నాలుగు పోగులు లాగి అగ్గిపుల్ల గీసి అంటించింది. పోగులు కాలి మెత్తటి బూడిదై, ఊదితే ఎగిరిపోయాయి. పూస కట్టలేదు. పడిగె కూడా నేత గుడ్డే. అది కాలితే బూడిదే మిగలాలి.

ఇది శాటిన్. కొత్త శాటిన్.

ఎవరి జాకెట్టో కూడా అప్పుడు తెలిసింది. పోయినేడు క్రిస్మస్‌కు సలోమి ఆడబిడ్డకని చుడీదారు కుట్టించింది. రామక్క దాన్ని తొడుక్కోనివ్వలేదు. "నా బిడ్డకు నీ చర్చి బట్టలు కట్టకు," అని బర్రెలు తుడిచే గుడ్డ చేసింది. తొడుక్కుంటానని ఏడ్చినందుకు పుష్పలత వీపు మీద పత్తికట్టె విరిగింది. ఈసారి వదిన ఎవరికీ చెప్పకుండా చాటుగా కుట్టింది. కాలిపోతే చాటుగానే కాల్చేసింది. ఇందాక "చెప్పను" అన్నది ఆ పత్తికట్టె మళ్ళీ ఆడబిడ్డ వీపు మీద పడకూడదనే.

ఆ గుడ్డ కాలడం తనొక్కతే చూసిందనుకుంది పుష్పలత. మంచం మీద పడుకున్న అన్న కూడా చూశాడు. మిగిలిన లైన్లన్నీ ఇప్పుడు వరసగా కూర్చున్నాయి.

పదకొండు గంటలు. వదిన చర్చికి వెళ్ళింది. నేను పాటలు వినడానికి రోడ్డు దాకా వెళ్ళాను. ఇంట్లో అన్న ఒక్కడే ఉన్నాడు.

రెండు గంటలు. అందరం అన్నానికి కూర్చున్నాం. వదిన మేక కూర వడ్డించింది. అన్న కూర ముట్టలేదు, పప్పు ముట్టలేదు. ఉత్త అన్నంలో నీళ్ళు పోసుకొని తిన్నాడు. కడుపు బాగాలేదన్నాడు.

నాలుగు గంటలు. వదిన కొత్తగూడెం నుంచి తెప్పించిన కేకు కోసింది. అన్న రెండు ముక్కలు తిన్నాడు.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. పడిగె ముట్టినవాడు మర్నాడు పొద్దు పొడిచేదాకా ఉప్పు ముట్టకూడదు. జంపయ్య ప్రతి గురువారం రాత్రి చప్పిడి అన్నమే తింటాడు. బాలకృష్ణ నాన్న ఒక ఏడు కొలుపు నాడు పడిగె పట్టి, ఆకలికి ఆగలేక ఎండుచేపల కూర తిన్నాడట. నెల తిరక్కుండానే లారీ కింద పడ్డాడు. రామక్క ఏడ్చినప్పుడల్లా ఆ ఎండుచేపలనే తిడుతుంది.

దేవుడూ లేదు దయ్యమూ లేదని ఓపెన్‌కాస్టు గనిలో లారీ నడుపుతున్న ఈ నాలుగేళ్ళుగా నవ్వుతూ తిరుగుతున్నాడు బాలకృష్ణ. కాని నిన్న మధ్యాహ్నం, పండుగ పూట, మేక కూర ముందు పెట్టుకొని, ఉప్పు ముట్టడానికి అతని చెయ్యి లేవలేదు. కేకులో ఉప్పు ఉండదనుకున్నాడు.

ఆ కథల్లో లాగా దొంగ దొరికాడు. ఇక చెప్పడమే మిగిలింది.

---

జంపయ్య ఇంటి వెనక పరదా పట్టా మీద ఆరబోసిన మిర్చిలో తాలుకాయలు ఏరుతున్నాడు. పుష్పలత వచ్చి పక్కన కూర్చుంది.

"తాతా."

"ఊఁ."

"అన్న అంతా చదవలే."

జంపయ్య చేతులు ఆగలేదు. ఎర్రకాయ ఇటు, తెల్లకాయ అటు.

పుష్పలత పీలిక చూపించింది. పూస చూపించింది. పోగులు కాల్చిన సంగతి చెప్పింది. పదకొండు గంటలకు ఇంట్లో ఎవరున్నారో చెప్పింది. మధ్యలో ఎక్కడా ఆగలేదు. పుట్టి బుద్ధెరిగి అంతసేపు మాట్లాడింది లేదు.

"కడుపు బాగలేనోడు కేకు రెండు ముక్కలు ఎట్ల తిన్నడు తాతా? ఉప్పు లేదనే కదా. వదిన ఎర్ర గుడ్డ కాల్చంగ చూసి, పడిగె తీసింది అన్ననే. వదినను ఎల్లగొట్టి అత్త బిడ్డను చేసుకుందామని."

జంపయ్య తల ఎత్తి మనవరాలి ముఖంలోకి చూశాడు.

"మంచిగ పట్టినవ్," అన్నాడు.

పుష్పలతకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. వింటున్నాడు. తాత వింటున్నాడు.

"నేను గూడ చూసిన," అన్నాడు జంపయ్య. "కంచం కాడ నా పక్కకే కూసుండె కదా. అప్పుడు నాకు సమజ్ కాలే. సాయంత్రం బుట్ట దించంగనే సమజ్ అయింది."



"నిన్ననే తెల్సా నీకు?"

"అవ్."

"మరి పటేలుకు ఎందుకు చెప్పలే?"

"చెప్తే?" జంపయ్య మళ్ళీ మిర్చిలోకి వంగాడు. "నేను ఇయ్యాల్నో రేపో పోతా. నా ఎనుక పడిగె పట్టేటోడు ఎవడు? మీ నాయన పాయె. నువ్వు ఆడపిల్లవు. వీడు దొంగని తేలితే గూడెం వాని చేతికి పడిగె ఇస్తదా? వంశం ఆగిపోతది."

"మరి వదిన?"

"ఆమెకు ఇంకో ఇల్లు దొరుకుతది. పడిగెకు ఇంకో ఇల్లు లేదు."

"వదిన ఏం తప్పు చేసింది తాతా? దొంగతనం చేసింది అన్న కదా!"

"చేసిండు. గని ఉప్పు ముట్టలే." ముసలాయన ముఖంలో నవ్వులాంటిది ఒకటి కదిలింది. "ఇన్నేండ్లు వానికి భయం లేదనుకున్న. ఉన్నది. భయం ఉన్న చెయ్యే పడిగె పడతది. రాత్రి నాకు మంచిగ నిద్ర పట్టింది బిడ్డా. శానా దినాలకు పట్టింది."

ఒక తాలుకాయ తీసి పక్కన పడేశాడు.

"ఈ మాట ఇంకోకాడ అనకు. పో, పోయి ఇన్ని మంచినీళ్ళు తే."

---

పుష్పలత నీళ్ళు తేలేదు.

బాలకృష్ణ పటేలును దింపడానికి బండి మీద పోయాడు. అతని డ్యూటీ సంచి నడింట్లో మేకుకు వేలాడుతోంది. ఇంటికి రాగానే టిఫిన్ బాక్సు తీసి భార్య ముందు పడేసే మనిషి, నిన్న బాక్సు అడిగితే "నేనే కడుక్కుంట, సంచి ముట్టకు," అన్నాడు. రామక్క కూడా నవ్వింది, పండుగ పూట ఎంత మంచోడైండో అని.

సంచి దించింది. పైన బాక్సు, అన్నం పాచిపట్టిన వాసన. దాని కింద మెరుపు పట్టీల కోటు. కోటు మడతల్లో మెత్తగా, బరువుగా, సాంబ్రాణి వాసనతో పడిగె.

చెయ్యి పెట్టాక గుర్తొచ్చింది, ఆడవాళ్ళు దాన్ని ముట్టకూడదని. అప్పటికే ముట్టింది.

"ఏం చేస్తున్నవే?"

రామక్క వంటింటి గుమ్మంలో చాయ గిన్నెతో నిలబడి ఉంది. బిడ్డ చేతిలో ఉన్నదాన్ని చూసింది. సంచిని చూసింది. ముఖంలో రక్తం దిగిపోయింది. ఒక్క నిమిషం, అచ్చంగా ఒక్క నిమిషం, తల్లి ఏడుస్తుందని, కొడుకును తిడుతుందని పుష్పలత ఎదురుచూసింది.

రామక్క గిన్నె కింద పెట్టింది. ముందు గదిలో ఉన్న పున్నమ్మకు వినపడకుండా గొంతు తగ్గించింది.

"యాడిది ఆడ పెట్టు."

"అమ్మా, వదిన కాదే..."

"పెట్టమన్నానా! నువ్వు చూడలే, నేను చూడలే. అది బుట్టలకు ఎట్ల పోవాల్నో నేను చూసుకుంట. దేవుడే తిరిగొచ్చిండంటరు."

"వదినను పిలిపియ్యే అమ్మా. తప్పయిందని చెప్పుదాం."

"ఎవరి తప్పు? నా కొడుకుదా?" రామక్క దగ్గరికి వచ్చింది. "ఇన్నేండ్లు నోరు లేని బిడ్డవని దేవునికి మొక్కని దినం లేదు. ఇయ్యాల్నే తెరవాల్నా ఆ నోరు? నీ రాత నలుగురు విన్నరు కదా. సాలదా?"

సాలదా అన్న మాట చెంపదెబ్బలాగా తగిలింది. పుష్పలత పడిగెను చున్నీ కింద పొదువుకొని దొడ్డి గుమ్మం గుండా బయటికి పరుగెత్తింది.

రామక్క దొడ్డి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. అరిస్తే గూడెమంతా వింటుంది. అందుకని అరవలేదు.

---

చర్చి పక్కనే పాస్టరు వాళ్ళ సామాన్ల గది. ముందు రోజు వాడిన కాగితపు తోరణాలు గుమ్మం ముందు కుప్పగా పడి ఉన్నాయి. పాస్టరమ్మ ఆటో కోసం టేకులపల్లికి ఫోను చేస్తూ చర్చి వెనక తిరుగుతోంది. సలోమి గదిలో పెట్టెకు తాడు కడుతోంది. పుష్పలత గుమ్మం బయటే ఆగింది.

"వదినా!"

సలోమి తిరిగి చూసింది. చూసి మళ్ళీ తాడు ముడి వేసుకుంది.

"దొరికింది వదినా. నువ్వు కాదని తేలింది. అన్న సంచిలనే ఉన్నది." పుష్పలత చున్నీ కొంచెం పక్కకు తీసింది. ఎర్రటి అంచు కనిపించింది.

సలోమి పాము కనపడ్డట్టు వెనక్కు జరిగింది.

"ఇక్కడికెందుకు తెచ్చినవ్?"

"పటేలుకు చూపిద్దాం. నువ్వు రా. ఇద్దరం పోదాం."

"రోడ్డు దాటొద్దన్నరు నన్ను."

"నేను చెప్త వదినా. అంతా చెప్త. నిన్న అన్న ఉప్పు ముట్టలే..."

"తెల్సు."

పుష్పలత చేతిలోని చున్నీ మళ్ళీ పడిగె మీదికి జారింది.

"వడ్డించింది నేను. కంచం కడిగింది నేను," అంది సలోమి. "మీ ఇంట్ల మూడేండ్లున్న. మీ ఉప్పు కట్టు నాకు తెల్వదా? సాయంత్రం బుట్ట దించంగనే నాకు తెల్సు. మీ తాత నా దిక్కు చూసిండు. ఆయనకు తెల్సని గూడ తెల్సు."

"మరి ఎందుకు చెప్పలే?"

"నా మాట ఎవరింటరు? చర్చి పిల్లను." సలోమి గొంతులో ఏ ఎత్తూ పల్లమూ లేదు. "నువ్వంటే ఇందురు. గా ఇంటి బిడ్డవు కదా. నువ్వు తలుపు చాటు నుంచి బయటికి వచ్చినప్పుడు, ఇగ చెప్తదనుకున్న. అవ్ అన్నవ్."

"భయమైంది వదినా."

"అవ్. మీ ఇంట్ల అందరికీ భయమే. మీ అన్నకు ఉప్పంటే భయం. నీకు మనుషులంటే భయం."

పుష్పలత పిడికిలి విప్పి పీలిక చూపించింది. అది చెమటకు తడిసి అరచేతికి అంటుకుంది. "ఇది నాకు కుట్టిందే కదా?"

సలోమి దాన్ని చూడలేదు.

"చేతులకు లేసు పెట్టిన," అంది. "రెండు రాత్రులు పట్టింది."

రోడ్డు మీద బండి చప్పుడు వినిపించింది. ఇద్దరికీ ఆ బండి తెలుసు. సైలెన్సర్ పగిలిన ఆ చప్పుడుకు రోజూ సాయంత్రం సలోమి పొయ్యి మీద నీళ్ళు పెట్టేది. గూడెం వైపు తిరగాల్సిన బండి తిరగలేదు. ఎవరో దానికి ఎదురుపోయి ఆపారు. "చెల్లె ఇటే ఉరికింది, చున్నీ కింద ఏందో పట్టుకొని," అని పున్నమ్మ గొంతు రోడ్డు మీది నుంచి స్పష్టంగా వినపడింది.

"వదినా, లోపలికి రానియ్యి," అంది పుష్పలత. "దీన్ని నీ పెట్టెల పెట్టు. సాయంత్రం..."

"నా పెట్టెలనా?" సలోమి మొదటిసారి నవ్వింది. "నా గదిల, నా పెట్టెల దొరకాల్నా అది? పొద్దున నీ రాతతోని దొంగనైన. ఇప్పుడు నీ చేతులతోని దొంగను కావాల్నా?"

"నేను చెప్త. ఈసారి నిజంగ చెప్త. నా మీద ఒట్టు."

"చెప్పు," అంది సలోమి. "పడిగె నీ చేతిల ఉన్నది. చేతిల ఉన్నోళ్ళనే దొంగంటరు, ఇయ్యాల నువ్వు ఉప్పు తిన్నవో లేదో ఎవరూ అడగరు. చూద్దాం, నిన్ను ఎవరింటరో."

బండి చర్చి ముందు ఆగింది. స్టాండు వేసిన చప్పుడు. వెనక నడిచి వస్తున్న చెప్పుల చప్పుడు ఒకరిది కాదు.

పుష్పలత గుమ్మం మీద చెయ్యి వేసింది. సలోమి ఆ చెయ్యి పట్టుకుంది. వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది, నలగకుండా, చిన్నపిల్ల చేతిలోంచి కత్తి తీసుకున్నట్టు. చెయ్యిని పడిగె మీదే పెట్టింది.

తలుపు మూసింది. లోపల గడియ పడింది.